మందు మానాలనుకునేవారికి మీటింగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మద్యం మానుకునేవారి సహాయ బృందాల గురించి, ముఖ్యంగా ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహం చాలామంది రాసిన చోట అన్నిటినీ కలిపి ఒక ప్రశ్నగా పెట్టాం. రాసినవారి పేర్లు, ఊర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఏఏ మీటింగు అడ్రసు ఇంటర్నెట్‌లో చూసుకుని వెళ్లాను. గదికి తాళం వేసి ఉంది. అరగంట నిలబడి తిరిగొచ్చేశాను. మళ్లీ వెళ్లాలంటే మనసు రావడం లేదు. మీటింగు ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో ఖాయంగా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఎంతో ధైర్యం కూడదీసుకుని వెళ్లిన రోజున తలుపుకి తాళం కనిపిస్తే ఎంత నీరసం వస్తుందో మాకు తెలుసు. అది మిమ్మల్ని వద్దన్నట్టు కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపుల్ని నడిపేది జీతగాళ్లు కాదు, సభ్యులే. గది కూడా వాళ్లది కాదు. చర్చి హాలో, బడిలో ఒక తరగతి గదో, ఆసుపత్రిలో ఒక మూల గదో తీసుకుంటారు. ఆ గది యజమానికి అవసరం పడిన వారం మీటింగు పక్కకి జరుగుతుంది. ఆ మార్పు గ్రూపు నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి జాబితాలోకి ఎక్కేసరికి వారాలు పట్టొచ్చు. కాబట్టి జాబితాని నమ్మండి, కానీ ఫోన్ చేసి సరిచూసుకున్నాకే బయల్దేరండి.

ముందుగా మీ దేశపు ఏఏ వెబ్‌సైట్ తెరవండి. అందులో మీకు దగ్గరున్న ఇంటర్‌గ్రూప్ (చుట్టుపక్కల గ్రూపులన్నీ కలిసి నడుపుకునే ఆఫీసు) లేదా సర్వీస్ ఆఫీసు నంబరు ఉంటుంది. మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ కూడా ఉంది, అది దగ్గర్లోని మీటింగుల్ని మ్యాప్‌లో చూపిస్తుంది. అన్ని చోట్ల మీటింగులూ అందులో దొరకవు కనుక దాని మీదే ఆధారపడొద్దు. ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాన్ని, డీ-అడిక్షన్ వార్డుల్ని అడగడం మంచి దారి. అక్కడి నర్సులకీ కౌన్సిలర్లకీ ఏ గ్రూపు సరిగ్గా నడుస్తోందో, ఏది పేరుకే మిగిలిందో తెలిసి ఉంటుంది.

హెల్ప్‌లైన్ ఎత్తేది ఎక్కువగా మందు మానేసి నిలబడ్డ సభ్యులే. "నేను మొదటిసారి వస్తున్నాను" అనండి చాలు, మిగతాది వాళ్లే అందుకుంటారు. అయినా ఈ విషయాలు అడిగి రాసుకోండి: ఈ వారం మీటింగు ఉందా, ఏ గేటు నుంచి వెళ్లాలి, ఎన్నో అంతస్తు, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా, ఏ భాషలో మాట్లాడతారు, పది నిమిషాలు ముందు వస్తే నన్ను కలిసే మనిషి ఉంటారా. ఈ చివరి ప్రశ్న మానకండి. గుమ్మం దగ్గర మనకోసం ఒకరు నిలబడి ఉన్నారని తెలిస్తే కాళ్లు వెనక్కి లాగవు.

గుమ్మం దగ్గర పెద్ద బోర్డు కోసం వెతక్కండి. చాలాసార్లు ఏఏ అని రాసిన కాగితం, ఒక బాణం గుర్తు, అంతే ఉంటుంది. వృత్తంలో త్రిభుజం ఉన్న గుర్తుని చాలా గ్రూపులు ఇప్పటికీ వాడతాయి. గ్రూపుకి వేరే పేరు కూడా ఉండొచ్చు. ఒక్క మీటింగు కాకుండా ఒకే వారంలో రెండు మీటింగుల వివరాలు రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ మీటింగు లింకు కూడా సిద్ధంగా ఉంచుకోండి. తలుపు మూసి ఉన్న రోజున నేరుగా ఇంటికి వెళ్లకుండా, అక్కడే ఓ పక్కన కూర్చుని దాన్ని తెరవొచ్చు. నిరాశతో ఇంటికి తిరిగొచ్చే దారే ప్రమాదం.

ప్రశ్న: ఓపెన్, క్లోజ్డ్ అంటే ఏమిటి? నేను ఆల్కహాలిక్‌ని అవునో కాదో నాకే తెలియదు. ఎందులోకి వెళ్లాలి?

జవాబు: ఓపెన్ మీటింగుకి ఎవరైనా రావచ్చు. కుటుంబసభ్యులు, విద్యార్థులు, తెలుసుకోవాలనుకునేవారు, ఎవరైనా సరే. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనే కోరిక ఉన్నవారికి మాత్రమే. ఏఏ గ్రూపులు పాటించే 12 సూత్రాల్ని సంప్రదాయాలంటారు, వాటిలో మూడో దాని ప్రకారం సభ్యత్వానికి కావలసింది ఆ కోరిక ఒక్కటే. డాక్టరు చీటీ అక్కర్లేదు, మీరు ఆల్కహాలిక్ అని ఎవరూ తేల్చి చెప్పనక్కర్లేదు. అనుమానం మిగిలి ఉంటే ఓపెన్‌తో మొదలుపెట్టండి. కొత్తవారికి ప్రత్యేకంగా బిగినర్స్ మీటింగులు జరిగే చోట్ల అవి ఇంకా మంచివి. స్పీకర్ మీటింగులో ఒకరిద్దరే మాట్లాడతారు, మిగతావారు వింటారు. నోరు విప్పాలంటే భయపడేవారికి అది సుఖంగా ఉంటుంది.

ప్రశ్న: లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? అందరి ముందూ లేచి నా కథంతా చెప్పాలా? రిజిస్టరులో పేరు రాయిస్తారా? ఎంత కట్టాలి?

జవాబు: పేరు రాయించరు. ఫీజు లేదు. మధ్యలో ఒక సంచో బుట్టో తిరుగుతుంది, గది అద్దె, పుస్తకాల ఖర్చుల కోసం. ఏడో సంప్రదాయం ప్రకారం గ్రూపులు బయటి విరాళాలు తీసుకోవు, సభ్యులు వేసుకున్న డబ్బుతోనే నడుస్తాయి. కొత్తవారు వెయ్యనక్కర్లేదు. సంచి వస్తే పక్కవారికి అందించండి, ఎవరూ చూడరు.

మీటింగు గంట నుంచి గంటన్నర ఉంటుంది. చైర్‌లో కూర్చున్న సభ్యుడు మొదలుపెడతారు. ఏఏ అంటే ఏమిటో చెప్పే చిన్న పేరా, కోలుకోవడానికి సభ్యులు ఒక్కొక్కటిగా ఆచరించే 12 మెట్లు, కొన్ని చోట్ల 12 సంప్రదాయాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ షేర్ చేస్తారు, అంటే తమ అనుభవం చెబుతారు. మనిషికి మూడు నుంచి ఐదు నిమిషాలు, గ్రూపు చిన్నదైతే ఇంకాస్త. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు, గదిలో అందరూ పేరు పెట్టి పలకరిస్తారు. మొదటిసారి విన్నప్పుడు అది బడిపిల్లల వరసలా అనిపించొచ్చు. మూడోసారికి అలవాటవుతుంది.

"ఈ రోజు కొత్తగా వచ్చినవారున్నారా?" అని అడుగుతారు. చెయ్యెత్తడం మీ ఇష్టం. ఎత్తమనే మా సలహా, ఎందుకంటే ఎత్తకపోతే మీటింగయ్యాక మీ దగ్గరికి ఎవరు రావాలో వాళ్లకి తెలియదు. పేరు మాత్రం చెబితే చాలు, ఇంటిపేరు వద్దు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అనండి, ఎవరూ బలవంతపెట్టరు. ఒకరు మాట్లాడిన దానికి ఇంకొకరు జవాబివ్వడం, సలహా చెప్పడం, తప్పుపట్టడం చాలా గ్రూపుల్లో కుదరదు. దాన్ని క్రాస్‌టాక్ అంటారు. మీరేదో చెప్పి ఏడ్చేసినా గది నిశ్శబ్దంగానే ఉంటుంది. అది నిర్లక్ష్యం అనుకోకండి. మిమ్మల్ని ఆపకుండా మాట్లాడనివ్వడం వాళ్ల మర్యాద.

కొన్ని గ్రూపుల్లో తాగకుండా గడిపిన కాలానికి గుర్తుగా చిన్న బిళ్లలు ఇస్తారు: 24 గంటలు, 30 రోజులు, 60, 90, ఏడాది. చివర్లో లేచి నిలబడి, కొన్ని చోట్ల చేతులు కలుపుకుని, ప్రార్థన చెబుతారు. మీకు పడకపోతే ఊరికే నిలబడండి.

ఇక మేం గట్టిగా చెప్పదలుచుకున్న మాట. పది నిమిషాలు ముందు వెళ్లండి, పదిహేను నిమిషాలు తర్వాత ఉండండి. మీటింగు మొదలయ్యాక లోపలికి జారి, ముగిసేముందు బయటికి జారిపోయే మనిషికి మాటలు దక్కుతాయి కానీ మనుషులు దక్కరు. రాత్రి పదకొండింటికి తాగాలని ఒళ్లంతా లాగేటప్పుడు పనికొచ్చేది జేబులో ఉన్న ఫోన్ నంబరు. మొదటి రోజే రెండు మూడు నంబర్లు అడిగి తీసుకోండి. మర్నాడు ఏ అవసరమూ లేకపోయినా అందులో ఒకరికి చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. బాగున్న రోజున చెయ్యని ఫోన్, బాగోలేని రోజున అసలు చెయ్యలేం.

ఏఏ పుట్టిందే ఇలాంటి ఫోన్ వల్ల. 1935 మేలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, మానేసి కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్ ఒక హోటల్ లాబీలో తాగాలన్న కోరికతో గింజుకుంటూ, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని ఫోన్లు చేశాడు. అవి అతన్ని డాక్టర్ బాబ్ స్మిత్ దగ్గరికి చేర్చాయి, ఏఏని మొదలుపెట్టింది ఈ ఇద్దరే. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన రోజుగా లెక్కపెట్టే జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది.

ప్రశ్న: పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, కొంచెం వేసుకుంటేనే తగ్గుతుంది. పూర్తిగా మానేశాకే మీటింగుకి వెళ్దామని రేపట్నుంచి ఆపేస్తున్నాను. మంచిదేనా?

జవాబు: వద్దండి. రేపు ఒక్కసారిగా ఆపకండి, ముందు డాక్టరుని చూడండి. ఇది ఈ శీర్షికలో అన్నిటికన్నా ముఖ్యమైన జవాబు.

రోజూ ఎక్కువగా తాగేవారి మెదడు మద్యం మత్తుని తట్టుకోవడానికి తన వేగాన్ని పెంచుకుని, నిరంతరం ఉరుకులు పెడుతూ ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే, అణిచి ఉంచేది పోతుంది, ఉరుకు మిగిలిపోతుంది. చివరి గుక్క తర్వాత ఆరు గంటలు దాటగానే వణుకు, చెమటలు, వాంతులు, గాబరా, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఆరు నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. మనిషి ఎక్కడున్నాడో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండె దడ. వైద్యం అందకపోతే అది ప్రాణం తీస్తుంది. పొద్దున వణుకు రావడం, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉండటం, లివర్ జబ్బు, గర్భం, నిద్రమాత్రలు వాడటం, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంట్లో సొంతంగా ఆపకూడదు.

డాక్టరుకి అబద్ధం చెప్పకండి. రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రకం, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, వేరే ఏ మాత్రలు వాడుతున్నారు. సగం తగ్గించి చెబితే డాక్టరు ఇచ్చే మాత్రల మోతాదు కూడా తక్కువ పడుతుంది, మూడో రోజున ప్రమాదం ముంచుకొస్తుంది. మామూలుగా విత్‌డ్రాయల్‌ని, అంటే మద్యం ఆపినప్పుడు వచ్చే ఈ బాధల్ని, అణిచే మాత్రలు కొన్ని రోజులు తగ్గించుకుంటూ ఇస్తారు, విటమిన్ బి1 కూడా ఇస్తారు, తాగుడు వల్ల అది ఒంట్లో తగ్గిపోతుంది కనుక. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు తెచ్చి వేసుకోవడం మాత్రం చేయకండి. మద్యంతో కలిస్తే అవి ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. డాక్టరుని చూసేదాకా తాగే మోతాదు ఒక్కసారిగా కోసెయ్యకండి, పెంచకండి కూడా. ఫిట్స్, మతి తప్పడం, లేనివి కనిపించడం మొదలైతే అది అత్యవసర పరిస్థితి, వెంటనే అంబులెన్సుని పిలవాలి.

మీటింగు కోసం ఈ పనులన్నీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. మానాలన్న కోరిక చాలు, మానేసి ఉండాలన్న షరతు లేదు. ఆ రోజు తాగి ఉన్నా వెళ్లొచ్చు. మాట్లాడకుండా కూర్చుని వినండి, బండి మాత్రం నడపకండి. మీటింగు విత్‌డ్రాయల్‌కి వైద్యం కాదు, వైద్యం మీటింగుకి బదులు కాదు. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టండి.

ప్రశ్న: మీటింగులో ఒకాయన "మాత్రలు మింగుతుంటే నువ్వు నిజంగా మానినట్టు కాదు" అన్నాడు. డిప్రెషన్‌కి, మందు కోరిక తగ్గడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నాను. ఆపెయ్యాలా?

జవాబు: ఆపొద్దు. ఆయన మాట ఆయన సొంత అభిప్రాయం. సభ్యులెవరూ డాక్టరు వేషం కట్టకూడదని ఏఏ తన పత్రాల్లోనే రాసుకుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరామ్ లాంటివి తాగుడు వ్యాధికి గుర్తింపు పొందిన మందులు. డిప్రెషన్ మాత్రలు హఠాత్తుగా ఆపితే వచ్చే ఇబ్బందులే మళ్లీ సీసా దగ్గరికి తోస్తాయి. అలాంటి మాట మళ్లీ వస్తే "నా మందులు నేనూ నా డాక్టరూ చూసుకుంటాం" అని ఊరుకోండి. గ్రూపులో అందరూ అదే పాట పాడుతుంటే గ్రూపు మార్చండి.

ప్రశ్న: మూడు మీటింగులకి వెళ్లాను. నచ్చలేదు. ఒకరిద్దరే గంటసేపు మాట్లాడతారు. అన్నీ ఇలాగే ఉంటాయా?

జవాబు: ఉండవు. ఏఏలో ప్రతి గ్రూపూ దాని పద్ధతి దానిదే, పైనుంచి అజమాయిషీ చేసేవారు లేరు. అది దాని బలం, దాని బలహీనత కూడా. ఒక గ్రూపు గంభీరంగా మెట్లు చదువుకుంటూ పోతుంది. ఇంకోటి నవ్వులతో నిండి ఉంటుంది. ఇంకో దాంట్లో అందరూ ముప్పై ఏళ్ల కిందట మానినవారే కావచ్చు. కనీసం ఆరు మీటింగులు, మూడు వేరువేరు గ్రూపుల్లో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఆడవారికి మాత్రమే జరిగేవి, యువతకి జరిగేవి చాలా చోట్ల ఉన్నాయి. మీ భాషలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో వెతకండి.

మంచి గ్రూపుని ఇలా గుర్తుపట్టొచ్చు. వేళకి మొదలవుతుంది. సమయం దాటి మాట్లాడేవారిని చైర్‌లో ఉన్నవారు సున్నితంగా ఆపుతారు. కొత్తవారి దగ్గరికి ముందు వచ్చేది వారి లింగానికి చెందినవారే అవుతారు. మానేసి కొద్ది నెలలే అయినవారు, ఏళ్లు గడిచినవారు ఇద్దరూ ఉంటారు. కొత్తగా వచ్చిన అమ్మాయి చుట్టూ మగవాళ్లు నంబర్లు అడుగుతూ తిరుగుతుంటే, లేదా ఎవరైనా అప్పు అడిగితే, ఉద్యోగం ఇప్పిస్తామంటే, అక్కడికి మళ్లీ వెళ్లనక్కర్లేదు. గదిలో ఉన్నది జబ్బు పడ్డ మనుషులు, అందులో అందరూ కోలుకున్నవారు కాదు. ఈ మాట చెబితే ఏఏ మీద గౌరవం తగ్గుతుందని మేం అనుకోవడం లేదు.

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అక్కడ దేవుడి మాట ఎక్కువని విన్నాను.

జవాబు: నిజమే, 12 మెట్లలో ఆరింటిలో దేవుడనో మనకన్నా పెద్ద శక్తి అనో వస్తుంది. "మనం అర్థం చేసుకున్న విధంగా" అన్న మాట దానికి జోడించి ఉంది. ఆ మాటని ఆసరా చేసుకుని, గ్రూపునే ఆ పెద్ద శక్తిగా తీసుకుని నడిచే నాస్తికులు చాలామంది ఉన్నారు. నాస్తికుల కోసం, ఏ మతమూ లేనివారి కోసం సెక్యులర్ ఏఏ మీటింగులు కూడా జరుగుతాయి, ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి.

అదీ కుదరకపోతే స్మార్ట్ రికవరీ చూడండి. 1994లో మొదలైన సంస్థ, పద్ధతి పూర్తిగా వేరు. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ నడుపుతారు, ఆయన ఒకప్పుడు తాగినవారే అయి ఉండాలని లేదు. నాలుగు విషయాల మీద పని జరుగుతుంది: మానాలన్న పట్టుదలని నిలబెట్టుకోవడం, కోరిక వచ్చినప్పుడు తట్టుకోవడం, ఆలోచనల్నీ కోపతాపాల్నీ నడవడికనీ సరిచూసుకోవడం, బతుకులో తూకం తెచ్చుకోవడం. ఇక్కడ ఒకరి మాటకి ఒకరు జవాబివ్వొచ్చు, కాగితం మీద లాభనష్టాల పట్టీ వేస్తారు, స్పాన్సర్ (ఏఏలో కొత్తవారికి తోడుండి మెట్లు దాటించే పాత సభ్యుడు) ఉండరు, "నేను ఆల్కహాలిక్‌ని" అనే మాట అవసరం లేదు. ఆడవారి కోసం 1975లో మొదలైన విమెన్ ఫర్ సోబ్రైటీ ఇంకోటి. ఏఏ దాదాపు 180 దేశాల్లో ఉంది, మిగతావాటి ముఖాముఖి మీటింగులు అంత విరివిగా దొరకవు, ఎక్కువ ఆన్‌లైనే. స్మార్ట్ ఆన్‌లైన్‌కి వెళ్తూ, నంబర్లకోసం, మనుషుల కోసం దగ్గరి ఏఏకి కూడా వెళ్లేవారున్నారు. రెండూ చెయ్యకూడదని ఎక్కడా లేదు.

ప్రశ్న: నేను పదిమందికీ తెలిసిన ఉద్యోగంలో ఉన్నాను. అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తే?

జవాబు: వాళ్లు కూడా అదే పని మీద వచ్చారు. ఇక్కడ చూసినవారి సంగతి, విన్న మాట బయట చెప్పకూడదన్నది గ్రూపులన్నీ పాటించే కట్టుబాటు. అయితే ఇది చట్టం కాదు, కట్టుబాటు. లాయరు దగ్గరో డాక్టరు దగ్గరో ఉండే రక్షణ ఇక్కడి మాటలకి ఉండదు. కాబట్టి కేసు, నేరం, ఆఫీసు రహస్యాల వంటివి గదిలో చెప్పకండి. అవి స్పాన్సర్‌తో కూడా ఆచితూచి మాట్లాడాల్సినవే. మొదట్లో ఇంటికి, ఆఫీసుకి దూరంగా ఉన్న మీటింగు ఎంచుకోవచ్చు. మరీ దూరమైతే నెల తిరిగేసరికి మానేస్తారు, అరగంట ప్రయాణం దాటొద్దు.

ఆన్‌లైన్‌లో చేరేటప్పుడు తెర మీద కనిపించే పేరు ముందే మార్చుకోండి. చాలామంది జూమ్ ఖాతాలో ఆఫీసు పేరుతో సహా పూర్తి పేరు ఉండి అలాగే బయటపడిపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేకపోతే ఇతరుల షేరింగ్ మీ ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. అది మీ రహస్యం కాదు, వాళ్ల రహస్యం. కెమెరా మూసుకోవచ్చు, కొన్ని గ్రూపులు మాత్రం మొదట్లో ఒక నిమిషం తెరవమంటాయి, అల్లరి చేయడానికి వచ్చేవారిని ఏరడానికి.

ప్రశ్న: మా ఆయన తాగుతారు. మీటింగు అంటే మండిపడతారు. ఆయన తరఫున నేను వెళ్లొచ్చా? తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర ఉందని కూడా ఒకరు చెప్పారు.

జవాబు: ముందు మాత్ర సంగతి. అమ్మా, ఎంత విసిగిపోయి ఉంటే ఆ మాట మీ దాకా వచ్చిందో ఊహించగలం. కానీ అది చేయకండి. ఆ మాత్ర డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి, గుండె జబ్బున్నవారికి ప్రాణాపాయం. ఆపేశాక రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకోవాల్సిన మందు అది.

ఆయన తరఫున ఏఏకి వెళ్లడం కుదరదు, కానీ మీ కోసం మీరు వెళ్లే చోటు ఉంది. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ మొదలైంది, బిల్ విల్సన్ భార్య లోయిస్ పూనుకున్న వారిలో ఒకరు. పిల్లల కోసం అలటీన్ 1957లో వచ్చింది. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. అక్కడ ఆయన్ని మాన్పించే చిట్కాలు చెప్పరు. మీరు ఏ పనులు ఆపెయ్యొచ్చో తెలుస్తుంది: ఆఫీసుకి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పడం, ఆయన అప్పు మీరు తీర్చడం, రాత్రంతా సీసాలు వెతకడం. ఏఏ ఓపెన్ మీటింగుకి కూడా ఒకసారి వెళ్లి కూర్చుని వినండి. మానిన మనుషులు ఎలా మాట్లాడతారో తెలిస్తే, ఆయన మత్తులో లేని ఒక ఉదయం వేళ "నేను వెళ్లొచ్చాను, ఇలా ఉంది" అని రెండు మాటలు చెప్పగలుగుతారు. తాగి ఉన్నప్పుడు ఈ విషయం ఎత్తొద్దు. ఇంట్లో దెబ్బలుంటే మాత్రం ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోండి, మీటింగు తర్వాత.

ప్రశ్న: స్పాన్సర్‌ని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీ లింగానికి చెందినవారు, కనీసం ఏడాదిగా తాగకుండా ఉన్నవారు, 12 మెట్లు తాను చేసినవారు, తనకీ ఒక స్పాన్సర్ ఉన్నవారు. ఫోన్ ఎత్తేవారై ఉండాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మిగతా అర్హతలన్నీ ఉండి ఫోన్ ఎత్తకపోతే లాభం లేదు. "కొన్నాళ్లు తాత్కాలికంగా నాకు స్పాన్సర్‌గా ఉంటారా?" అని అడగండి. కాదంటే నొచ్చుకోకండి, చేతిలో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఉండి ఉంటారు. స్పాన్సర్ డాక్టరు కాదు, బ్యాంకు కాదు, పెళ్లి పెద్ద కాదు. కుదరకపోతే మార్చుకోవచ్చు.

ప్రశ్న: నాలుగు నెలలు ఆపి మళ్లీ తాగాను. ఇప్పుడు ఆ గదిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?

జవాబు: అదే ముఖంతో, వీలైతే ఈ రోజే. ఆ గదిలో మీలా పడి లేచినవారు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తితే తెలుస్తుంది. రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది మాత్రం ఎక్కడికీ పోదు. ముందు ఒక నంబరుకి ఫోన్ చేసి చెప్పండి, ఒక మనిషికి చెప్పాక ఇరవైమందికి చెప్పడం తేలిక. ఒక హెచ్చరిక: నెలల తరబడి ఆపాక ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు, పాత లెక్కలో తాగితే ప్రమాదం. రోజుల తరబడి తాగి ఉంటే మళ్లీ ఆపేముందు డాక్టరుని చూడాలన్న మాట ఇక్కడా వర్తిస్తుంది.

తర్వాత, తాగిన రోజు గురించి కాకుండా దానికి ముందు రెండు వారాల గురించి కాగితం మీద రాయండి. చాలామందిలో వరస ఇలా కనిపిస్తుంది: మొదట మీటింగులు తగ్గాయి, తర్వాత ఫోన్లు ఆగాయి, తర్వాత పాత స్నేహితుల దగ్గర "కూర్చోవడానికి మాత్రమే" వెళ్లారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఎక్కువగా ఉందో కూడా గుర్తుపెట్టండి. ఆ కాగితాన్ని స్పాన్సర్‌కి చూపించండి.

ప్రశ్న: వారానికి ఎన్ని మీటింగులు? అసలు వీటి వల్ల ఉపయోగం ఉందని రుజువుందా?

జవాబు: కొత్తవారికి 90 రోజుల్లో 90 మీటింగులు అని ఏఏలో వాడుక. అది నియమం కాదు, సంప్రదాయంగా వచ్చిన సలహా. రోజూ కుదరనివారు మొదటి మూడు నెలలు వారానికి మూడు తగ్గకుండా చూసుకోండి. వారానికి ఒక్కటైతే మధ్యలో ఆరు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, తాగుడికి పాత వేళ అదే కదా. మీరు మామూలుగా మొదలుపెట్టే గంటకే మీటింగు దొరికితే ఇంకా మంచిది.

రుజువు ఉంది. 2020లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాల్ని, 10,565 మందిని కలిపి పరిశీలించింది. ఏఏకి చేర్చే పద్ధతి ప్రకారం చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉన్నవారు 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో కౌన్సిలర్లు చీటీ మీద అడ్రసు రాసిచ్చి ఊరుకోలేదు. వెళ్లారా లేదా అని అడిగారు, ఏం జరిగిందో మాట్లాడారు, సభ్యుడితో కలిపారు. అందుకే మీ డాక్టరుని "ఏఏకి వెళ్లు" అన్న మాటతో వదిలిపెట్టకండి, వచ్చే విజిట్‌లో దాని గురించి అడగమనండి.

ప్రశ్న: మా చుట్టుపక్కల ఒక్క గ్రూపు కూడా లేదు.

జవాబు: ఈ వారం ఆన్‌లైన్‌లో మొదలుపెట్టండి. తర్వాత మీరే పెట్టొచ్చు. తాగుడు మానడం కోసం ఇద్దరు ముగ్గురు కలిస్తే, వేరే ఏ సంస్థకీ అనుబంధం లేకపోతే, తమను ఏఏ గ్రూపుగా పిలుచుకోవచ్చని మూడో సంప్రదాయం చెబుతుంది. మానేసి కొన్నాళ్లయినా గడిచిన ఒకరు, స్పాన్సర్‌తో ఫోన్‌లో అయినా సంబంధం ఉన్నవారు, వాళ్లలో ఉంటే నిలబడుతుంది.

గది ఉచితంగా ఇస్తామన్నా చిన్న అద్దె అయినా కట్టండి, లేకపోతే ఇచ్చినవారి మాట గ్రూపులో చెల్లుతుంది. రోజు, వేళ ఒకసారి పెట్టాక మార్చకండి. దగ్గరి సర్వీస్ ఆఫీసుకి రాసి జాబితాలో ఎక్కించండి, చదవాల్సిన పత్రాలు అక్కడే అడగండి. ఊళ్లోని డాక్టర్లకి, ఆసుపత్రి కౌన్సిలర్లకి వేళ రాసిన కాగితం ఇచ్చిరండి. మొదట్లో కొన్ని వారాలు ఒకరిద్దరే ఉంటారు, కొన్ని రోజులు మీరొక్కరే. అయినా పూర్తి గంటా తలుపు తెరిచి కూర్చోండి, ఎందుకంటే వచ్చేవారు చాలామంది వీధి చివర కాసేపు తచ్చాడి ఆలస్యంగా వస్తారు. గది తాళంచెవి ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉంచండి. ఒకరికి జ్వరమొచ్చిన వారం కూడా తలుపు తెరుచుకోవాలి.